ఎవరన్నారట?

మా అమ్మమ్మ మాటలు సగం 'ట'తో ముగిసేవి. బాలింత చన్నీళ్లు ముట్టుకోకూడదట. పురిటిగదిలోకి ఎదురుగాలి రాకూడదట. కామెర్లకి పసరు పోస్తే మూడో రోజుకి కళ్లు తెల్లబడతాయట. "ఎవరన్నారు అమ్మమ్మా?" అని అడిగితే, చిక్కుడుకాయ ఈనె తీస్తూ తలెత్తకుండానే "అంటారు" అనేది. ఆ అనేవాళ్లెవరో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. కానీ తను కళ్లారా చూసిన సంగతికి మాత్రం పొరపాటున కూడా 'ట' తగిలించేది కాదు. "మీ చిన్నత్తకి కాన్పు కష్టమైంది" అనేది. అక్కడ 'ట' ఉండదు. ఆ రాత్రి లాంతరు పట్టుకుని మంచం పక్కన నిలబడింది ఆవిడే మరి.

చూసినదాన్నీ విన్నదాన్నీ విడదీయడానికి మన భాషకి ఒక్క అక్షరం చాలు. ఇంకొకరి మాట ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి 'అని' ఒకటుంది. తాటాకుల మీద కొటేషన్ గుర్తులు లేని రోజుల్లో కూడా 'అని' ఆ పని చేసిపెట్టింది. ఇంత సరంజామాతో పుట్టినవాళ్లం, నర్సింగ్ కాలేజీలో అసైన్‌మెంటు చివర నాలుగు రిఫరెన్సులు సరిగ్గా రాయమంటే ఎందుకింత అవస్థపడతామో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఎనిమిదేళ్లు వార్డుల్లో చేసి, నడుము ఇక వద్దన్నాక ట్యూటరునయ్యాను. ఏటా నా టేబుల్ మీదకి 60 కేర్ ప్లాన్లు వస్తాయి. అట్టలు వేసి, స్కెచ్ పెన్నుతో పువ్వులు గీసి, హెడ్డింగుల కింద ఎర్ర గీతలు కొట్టి ఇస్తారు. నేను వాటిని వెనకనుంచి చదువుతాను. బిబ్లియోగ్రఫీ పేజీ చూస్తే పిల్ల ఏం చదివిందో, ఎవరి రికార్డు పక్కన పెట్టుకుందో తెలిసిపోతుంది. ఒకమ్మాయి '1. గూగుల్' అని రాసి, కింద '2. గూగుల్ ఇమేజెస్' అని రాసింది. నిజాయితీకి మెచ్చుకోవాలి. ఇంకో అమ్మాయి 'మేడమ్ నోట్స్' అంది. ఆ మేడమ్‌ని నేనే.

మిగతావాళ్లందరిదీ బ్రన్నర్. మెడికల్ సర్జికల్ నర్సింగ్‌కి అంతకు మించిన పుస్తకం లేదన్నట్టు అందరూ బ్రన్నరే. మా లైబ్రరీలో ఉన్నది 14వ ఎడిషన్, వీళ్లు రాసేది 10వది. పుస్తకం మీద బ్రన్నర్ పక్కన ఉండే సుదార్త్ స్పెల్లింగులో ఒక 'డి' ఎప్పుడూ తక్కువే. ఆ 'డి' ఎక్కడ రాలిపోయిందో కనుక్కుందామని పాత రికార్డులు తిరగేశాను. ఎన్నో బ్యాచ్‌ల కిందట పాసై, ఇప్పుడు గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి దగ్గర రాలింది. ఆమె రికార్డు జూనియరుకి, జూనియరుది తన జూనియరుకి. ఎడిషన్, సంవత్సరం, పేజీ నంబర్లు, పోయిన 'డి' అన్నీ వారసత్వంగా దిగుతూ వచ్చాయి. రాతప్రతుల్ని పరిష్కరించే పండితులు కూడా ఇలాగే తప్పుల్ని పోల్చి, ఏ ప్రతికి ఏది తల్లో తేలుస్తారు. తప్పుని బట్టి గోత్రం చెప్పేయొచ్చన్నమాట.

ఇది మా పిల్లల జబ్బే అనుకుని సిగ్గుపడుతుండేదాన్ని. తర్వాత తెలిసింది, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలదీ ఇదే కథని. అమెరికాలో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు 2003లో అచ్చయిన ఒక వ్యాసంలో లెక్క తీశారు. భౌతికశాస్త్రంలో పేరున్న ఒక వ్యాసాన్ని దాదాపు 4,300 చోట్ల ఉదహరిస్తే, 196 చోట్ల సంపుటం నంబరో పేజీ నంబరో తప్పుపడింది. తప్పులు 196 రకాలుగా ఉండాలి కదా, 45 రకాలే ఉన్నాయి. ఒకే ఒక్క తప్పు 78 సార్లు కనబడింది. 78 మంది విడివిడిగా అదే అంకె తప్పు రాయరు. ఉదహరించినవాళ్లలో మూలాన్ని తెరిచి చూసేది ఐదుగురిలో ఒకరేనని వాళ్ల అంచనా. అది చదివిన రోజు మా పిల్లలకి తలా అర మార్కు కలిపాను.

బ్రన్నర్ దగ్గర ఇంకో తమాషా ఉంది. లిలియన్ బ్రన్నర్, డోరిస్ సుదార్త్ ఇద్దరూ నర్సులే. 1964లో ఆ పుస్తకం తెచ్చారు. తర్వాత రాసే చేతులు మారాయి. మా లైబ్రరీలో ఉన్న 14వ ఎడిషన్ హింకిల్, చీవర్‌లది. పైన పెద్దక్షరాల్లో ఉన్న 'బ్రన్నర్ అండ్ సుదార్త్' ఇప్పుడు పుస్తకం పేరులో భాగం. రచయితలుగా రాయాల్సింది హింకిల్, చీవర్‌లని. ఊళ్లో రాజుగారి కొట్టు అంటాం. రాజుగారు పోయి ముప్పై ఏళ్లయినా అది రాజుగారి కొట్టే. సరుకు బాగాలేదని దెబ్బలాడాలంటే మాత్రం ఇప్పుడు గల్లా పెట్టె ముందు కూర్చున్నవాడి పేరు కావాలి.

ఇలాంటివి చెబితే పిల్లలు నవ్వుతారు, రాసుకోరు. రిఫరెన్సు అంటే వాళ్ల దృష్టిలో మార్కుల కోసం పుస్తకం చివర పెట్టే బొట్టు. నిజం చెప్పొద్దూ, నా దృష్టిలోనూ అంతే ఉండేది, ఒక సెకండియర్ పిల్ల నన్ను నిలదీసేదాకా.

బెడ్‌సోర్ల పాఠం చెబుతున్నాను. మంచం పట్టిన పేషెంటుకి రెండు గంటలకోసారి పక్క మార్చాలి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక గొంతు, "ఎవరు చెప్పారు మేడమ్?" క్లాసంతా నవ్వింది. "బ్రన్నర్‌లో ఉంది" అన్నాను. "బ్రన్నర్‌కి ఎవరు చెప్పారు మేడమ్?" అంది. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. ఉందనుకుని కూర్చోమన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం. పట్టింది. కానీ పొద్దున్న లేచేసరికి ఆ ప్రశ్న ఇంకా మంచం మీదే ఉంది.

ఎనిమిదేళ్లు పక్కలు మార్చినదాన్ని నేను. ఎడమ, వెల్లకిల, కుడి. పొజిషన్ చార్టులో 8, 10, 12. ఆ రెండు గంటలు ఎవరి లెక్కో ఒక్క నైట్ డ్యూటీలో కూడా అడగలేదు. నా చేతులు చేసిందంతా ఒక పెద్ద 'అంటారు' మీద నడిచింది.

వెతుక్కుంటూ వెళితే 1962లో లండన్‌లో అచ్చయిన ఒక నివేదిక దగ్గర తేలాను. డోరీన్ నార్టన్ అనే నర్సు, మెక్‌లారెన్, ఎక్స్‌టన్-స్మిత్ అనే మరో ఇద్దరితో కలిసి, ఆస్పత్రిలో ఉన్న వృద్ధుల అవస్థల్ని గమనించి రాసింది. చర్మానికి పూసే పూతలకంటే ఒంటి మీద ఒత్తిడి తీసేయడమే ముఖ్యమని గట్టిగా చెప్పినవాళ్లలో ఆవిడది ముందు వరుస. మనం రికార్డుల్లో వేసే నార్టన్ స్కోరు ఆ పనిలోంచి వచ్చిందే: ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు, ఒక్కోదానికి 4 చొప్పున మొత్తం 20. మా పిల్లలు ఆ స్కోరు వందల సార్లు వేసి ఉంటారు. నార్టన్ ఆడమనిషనీ, అందులోనూ నర్సనీ ఒక్కరికీ తెలీదు. నాకూ ఆ రోజే తెలిసింది.

అక్కడినుంచి 2013కి వచ్చాను. నాన్సీ బర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడాల్లో 27 నర్సింగ్ హోముల్లోని 942 మందిని తీసుకుని, కొందరికి 2 గంటలకి, కొందరికి 3, కొందరికి 4 గంటలకి ఒకసారి పక్క మార్చి 3 వారాలు చూసింది. పుండ్లు పడడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా ప్రాణం ఎగిరి గంతేసింది. మర్నాడు క్లాసులో ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అని తేదీలతో సహా ఏకరువు పెట్టాను. అడిగిన పిల్ల మొహం వెలిగింది.

వారం తిరిగేసరికి ఒక కేర్ ప్లాన్ వచ్చింది. పక్షవాతంతో మెడికల్ వార్డులో ఉన్న ముసలాయన. 'నాలుగు గంటలకోసారి పక్క మార్చవలెను' అని ఉంది. పక్కనే బ్రాకెట్లో బర్గ్‌స్ట్రామ్, 2013. వెనక పేజీలో రిఫరెన్సు, ఒక్క కామా తప్పు లేదు. నాకు చెమటలు పోశాయి. ఎందుకంటే ఆ 942 మంది పడుకున్నది హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద. మా ముసలాయన పడుకున్నది రెక్సిన్ పరుపు మీద. లోపలి స్పాంజి ఎప్పుడో నలిగి చపాతీ అయిపోయింది. పైగా నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అక్కడ అది వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు. తప్పు ఆ పిల్లది కాదు. నేను క్లాసులో అంకెలన్నీ చెప్పాను, పరుపు చెప్పలేదు.

ఆ రోజునుంచి నాకు రిఫరెన్సు అంటే పేరూ సంవత్సరమూ కాదు. ఆ మాట ఏ మంచం పక్కన నిలబడి అన్నారో అక్కడికి మనల్ని మళ్లీ తీసుకెళ్లే దారి. మనం వెళ్లకుండా దారి పేరు మాత్రం రాస్తే, ఆ మంచం ఏదో ఎవరికీ తెలీకుండా పోతుంది.

పోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఒక ఉత్తరం రాశారు. వ్యాసం కాదు, ఐదు వాక్యాల ఉత్తరం. ఆస్పత్రిలో చేరి మత్తు కలిగించే నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, ఆ మందులకి అలవాటుపడినట్టు గట్టిగా తేలినవాళ్లు నలుగురేనని దాని సారాంశం. ఆస్పత్రిలో మందు ఇచ్చేది నర్సు. డోసు రాసి ఉంటుంది, టైము రాసి ఉంటుంది, సీసా తాళం వేసి ఉంటుంది. ఇంటికి నెల మాత్రలు రాసిస్తే అక్కడ తాళం ఎవరి దగ్గరుంటుంది? ఆ ఉత్తరాన్ని ఉదహరించినవాళ్లకి ఆ ముక్క పట్టలేదు. 2017లో కెనడా పరిశోధకులు లెక్కపెడితే 608 చోట్ల దాన్ని ఉదహరించారు. 439 చోట్ల, అలవాటుపడడం అరుదు అనడానికే దాన్ని సాక్ష్యంగా పెట్టారు. 491 చోట్ల ఆ పేషెంట్లు ఆస్పత్రిలో ఉన్నవాళ్లన్న సంగతే రాయలేదు. జర్నల్ పేరు సరిగ్గానే ఉంది, సంవత్సరం సరిగ్గానే ఉంది. మంచం ఒక్కటే పోయింది. ఆ మాత్రలకి బానిసలై ఆ దేశంలో ఎంతమంది పోయారో మన పేపర్లలో కూడా వచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఇక నకలు సంగతి. చూసి రాయడాన్ని దొంగతనం అనడం నాకు ఇష్టం ఉండదు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. హార్ట్ ఫెయిల్యూర్‌లో కాళ్లకి నీరెందుకు పడుతుందో వాళ్లలో ఒక పిల్లని తెలుగులో అడిగితే, చేతులు తిప్పుతూ, మోటారు పంపుతో పోలిక పెట్టి చక్కగా చెబుతుంది. అదే రాయమంటే పుస్తకంలో వాక్యం దించేసి, ఒక ఇంగ్లిష్ మాట తీసి దాని అర్థమే ఉన్న ఇంకో మాట పెడుతుంది. ఆ పిల్లకి తెలియనిది పాఠం కాదు, తన మాటకి విలువుందని. యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే మళ్లీ రాయాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అది పీజీలకీ పీహెచ్‌డీలకీ. సెకండియర్ పిల్లకి శాతాలు చెప్పి భయపెడితే, ఇంకో మూడు మాటలు మార్చడం నేర్చుకుంటుంది, అంతే.

అందుకే నేను వేరే దారి పట్టాను. కేస్ ముందు నాకు తెలుగులో చెప్పమంటాను. "బెడ్ నంబర్ ఏడు మేడమ్. రాత్రి అసలు నిద్ర పట్టలేదట. ఆయాసం వారం నుంచట. కాళ్లు నొక్కితే గుంట పడుతోంది. ఇలాంటివాళ్లకి ఉప్పు తగ్గించాలట." చెబుతుండగానే ఆపి అడుగుతాను: నిద్ర పట్టలేదట, ఎవరన్నారు? వాళ్లావిడ. కాళ్లకి గుంట? నేనే నొక్కి చూశాను మేడమ్. ఉప్పు తగ్గించాలట, ఎవరన్నారు? అప్పుడు పుస్తకం తెరుస్తుంది. 'ట' వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరి పేరుండాలి. 'ట' రాని చోట నువ్వే పూచీ.

విచిత్రమేమిటంటే కేర్ ప్లాన్‌లో మొదటి గడి ఎప్పటినుంచో ఇలాగే ఉంది. సబ్జెక్టివ్ డేటా అంటే పేషెంటు చెప్పింది, వీలైతే ఆయన మాటల్లోనే, కొటేషన్ గుర్తుల్లో. ఆబ్జెక్టివ్ డేటా అంటే నువ్వు చూసింది, కొలిచింది. ఫస్టియర్లోనే ఇది నేర్పిస్తాం. అంటే ఏ పుస్తకానికన్నా ముందు మా పిల్లలు ఉదహరించేది ఏడో బెడ్డు ముసలాయన్ని. అదే పిల్ల నాలుగో గడికి వచ్చి, చేయబోయే పనికి కారణం రాసేసరికి, 'అంటారు'లోకి జారిపోతుంది.

అలా జారకూడదనే కాబోలు, మెదక్ దగ్గర కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం మొదలుపెడుతూ, ఆధారం లేనిది ఒక్కటీ రాయనని ముందే మాటిచ్చుకున్నాడు. ఆయనకి ఇంటర్నల్ మార్కుల బెంగ కూడా లేదు.

చదవని పుస్తకాన్ని ఉదహరించొచ్చా అని అడుగుతుంటారు. వార్డులో దానికీ ఒక పద్ధతుంది, టెలిఫోన్ ఆర్డర్. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరు ఫోన్లో మందు చెబితే, విన్నది తిరిగి చదివి వినిపించి, ఎవరు చెప్పారో, ఎన్నింటికి చెప్పారో, ఎవరు విన్నారో రాస్తాం. డాక్టరు వచ్చి సంతకం పెట్టేదాకా అది ఫోన్లో విన్న మాటే. నార్టన్‌ని బ్రన్నర్‌లో చదివితే, నార్టన్ మాట, హింకిల్, చీవర్‌లు చెప్పగా విన్నాను, అని రాయాలి. ఏపీఏ పద్ధతిలో దానికి ఒక చిన్న మాట ఉంది. మా అమ్మమ్మ దగ్గర ఇంకా చిన్నది ఉండేది.

ఏపీఏ అన్నాను కాబట్టి పద్ధతుల గొడవ కూడా ఒక మాట. మన దగ్గర నర్సింగ్ డిసర్టేషన్లలో ఎక్కువగా కనబడేది వాంకూవర్. 1978లో కొందరు మెడికల్ జర్నల్ సంపాదకులు కెనడాలోని ఆ ఊళ్లో కూర్చుని ఒక పద్ధతికి ఒప్పుకున్నారు, ఊరి పేరే నిలిచింది. అందులో రచయితలకి నంబర్లు. ఒకటి, రెండు, మూడు. అమెరికా వెళ్లిన మా అమ్మాయిలకి అక్కడ ఏపీఏ. 1929లో సైకాలజిస్టులు మొదలుపెట్టింది, ఇప్పుడు 7వ ఎడిషన్ నడుస్తోంది. అందులో వాక్యం మధ్యలోనే పేరూ సంవత్సరమూ పిలుస్తారు. అక్కడ ఎమ్మెస్సెన్ చేస్తున్న ఒకమ్మాయి మొన్న మెసేజ్ పెట్టింది, రెండో లైను అర అంగుళం లోపలికి జరపలేదని రెండు మార్కులు పోయాయట. "మేడమ్, ఇక్కడ పేషెంటుని చంపినా ఇంత తిట్టరేమో" అంది. అంత మాట అనకూడదు గానీ, అర అంగుళానికి రెండు మార్కులు నాకూ ఎక్కువే అనిపించింది.

నా మటుకు నాకు ఏపీఏ నచ్చుతుంది. కారణం శాస్త్రీయం కాదు. వార్డులో మనుషుల్ని 'ఏడో నంబరు', 'పన్నెండో నంబరు' అని పిలిచే అలవాటు వదిలించుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వాక్యం మధ్యలో (7) అని కనబడితే ఆ బెడ్డే గుర్తొస్తుంది. 'నార్టన్, 1962' అని ఉంటే, అరవై ఏళ్ల కిందటి మాట, ఆలోచించుకుని వాడు అని కంటికే తెలుస్తుంది.

పేరు పిలవడంలోనూ మనకో చిక్కుంది. ఇంగ్లిష్ వాళ్లకి ఇంటిపేరు చివర, మనకి ముందు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ వ్యాసాన్ని ఉదహరించింది. ఎలా? 'ఫిస్క్, సీ. హెచ్., సుబ్బారావు, వై.' అని. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంటిపేరైపోయింది. తరాల ఇంటిపేరు ఒక్క 'వై' దగ్గర ఆగిపోయింది. ఆయన విషయంలో పేరు తిరగబడినా కనీసం ఉంది. పిల్లల ల్యుకేమియాలో అమినోప్టెరిన్ అనే మందు పనిచేస్తుందని ఫార్బర్ అనే డాక్టరు 1948లో రాసిన వ్యాసంలో ఐదుగురు రచయితలున్నారు. ఆ మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందం నుంచి. రచయితల వరసలో ఆయన లేరు. ఇది చెప్పిన రోజు మా పిల్లలు తమ పేరు ఎలా రాస్తే ఏది పోతుందో నోటుపుస్తకం వెనక రాసి చూసుకున్నారు. 'లక్ష్మి' అనే పేరున్నవాళ్లు నలుగురు. వాళ్ల గతి ఏమిటని ఇంకో పావుగంట నడిచింది.

ఈ ఏడు కొత్త జబ్బొకటి వచ్చింది. ఒక అసైన్‌మెంటులో పన్నెండు రిఫరెన్సులు, సుదార్త్‌లో 'డి' కూడా సరిగ్గానే ఉంది. అనుమానమొచ్చి వెతికితే, ఐదు వ్యాసాలు లోకంలో ఎక్కడా లేవు. ఫోన్లో చాట్‌బాట్‌ని అడిగితే అది అల్లి ఇచ్చింది. 2023లో న్యూయార్కులో లాయర్లే ఇలా లేని తీర్పులు కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఆ పిల్లని పిలిచి తిట్టలేకపోయాను. 'గూగుల్' అని రాసిన అమ్మాయి ఎంత బంగారమో అప్పుడు తెలిసింది.

ఇంతకీ ఆ వెనక బెంచీ పిల్ల. ఫైనల్ ఇయర్లో తన కేస్ స్టడీ తెచ్చిచ్చింది. బెడ్‌సోరే తీసుకుంది. పరుపు ఏ రకమో, ఎన్ని అంగుళాలో స్కేలుతో కొలిచి రాసింది. రిఫరెన్సులు ఎనిమిదే. మూడోదాని పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: 'మేడమ్, మన లైబ్రరీ కాపీలో ఈ పేజీ కింద సగం చిరిగిపోయింది. పై సగమే చదివాను.'

దీన్ని ఎలా రాయాలో ఏపీఏలోనూ లేదు, వాంకూవర్‌లోనూ లేదు. నేను లైబ్రరీకి వెళ్లి చూశాను. నిజమే, సగం లేదు. పదికి తొమ్మిది వేశాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశారని అడగడానికి వచ్చింది. ఎనిమిదోదానికి సంవత్సరం వేయలేదు.